సున్నా పెట్టిన చేతిని అడిగేదెవరు?

మలక్‌పేట గంజులో ఉల్లిగడ్డ బస్తాలు మోసే హమాలీ బిడ్డ బడి పరీక్షలో 'మా అమ్మ గంజుకు పోయింది' అని రాసింది. 'పోయింది' చుట్టూ ఎర్రసిరా గీసి అర మార్కు కోశారు. ఎందుకో ఒక్క ముక్క రాయలేదు. ఆ పిల్లకు ఏం అర్థం కావాలె? తప్పు వాక్యంలో ఉన్నదా, తల్లి నోట్లో ఉన్నదా? 'వెళ్లింది' మాత్రమే తెలుగని ఎవరు తీర్పు చెప్పారు?

2019 ఏప్రిల్‌లో వచ్చిన ఇంటర్ ఫలితాలు మరిచిపోయినమా? తెలుగులో 99 రావాల్సిన పిల్లకు సున్నా వేశారు. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. జనం రోడ్డెక్కితే గాని ఫెయిలైనోళ్ల పేపర్లు ఉచితంగా మళ్లీ చూస్తామని సర్కారు అనలేదు. చూస్తే వెయ్యి మందికి పైగా పాసయినట్టు తేలింది! 99 సున్నా అయితే ఎవరికైనా కండ్లకు కొడుతది. 36 రావాల్సిన మా పిల్లకు 30 వేస్తే? 'వాళ్లకు అంతే వస్తయి' అని లోకం ఊరుకుంటది.

రెమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలోనే ఒక పని చేశారు. జవాబు పత్రాల మీద కులాన్ని చీటీలేసినట్టు మార్చి రాసి పంతుళ్లతో దిద్దించారు. 2012లో అది అచ్చయింది. కింది కులం అని రాసిన పత్రానికి మార్కులు తగ్గినయి. తగ్గించింది ఎవరు? ఎక్కువగా కింది కులాల పంతుళ్లే. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే అని చెప్పుకునే మేము ఇది చదివి తలొంచుకున్నాం. మమ్మల్ని కొట్టిన బెత్తమే మా చేతికొచ్చిందా?

ఇది చూపి అగ్రకుల పంతుళ్లు చేతులు దులుపుకుంటే కుదరదు. ప్రాక్టికల్స్‌లో, వైవాల్లో కులం చూసి మార్కులేస్తున్నారని ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులు తోరట్ కమిటీ ముందు చెప్పుకున్నారు. 2007 నాటి ఆ నివేదిక తీసి చదవండి.

బోర్డు పరీక్షకు కోడ్ నెంబరుంటది. బడి పరీక్షల్లో పేరు ఎదురుగానే కనబడుతది. అక్కడా పేరు మూసి దిద్దుదాం. మార్కు కోసిన చోట ఎందుకు కోశామో, ఎట్ల రాస్తే సరిపోతదో పిల్లకు అర్థమయ్యే మాటల్లో రాద్దాం. 'ఇంకా బాగా చదవాలి' అనే ముద్ర మాటలు ఎవరికీ పనికిరావు. దిద్దిన పేపరు ఇంటికి పంపాలె.

అక్కలారా, అన్నలారా! చదువు రాదని ఇంట్లో కూసోకండి. ఆ పేపరు పట్టుకొని బడికి రండి. 'మా బిడ్డకు ఇక్కడ ఎందుకు తగ్గించినవ్ సారూ?' అని అడగండి. మమ్మల్ని కూడా అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ అర మార్కు అక్కడికక్కడే వేయించుకొని పోండి.