అమ్మే అంగడి ఉంది, ఆదుకునే వైద్యమేదీ?

మే నెల మధ్యాహ్నం. నగరంలోని ఒక అపార్టుమెంటులో కరెంటు పోయి గంట దాటింది. పంజరం మూలకు ఒదిగి కూర్చున్న మూడు నెలల చించిల్లా పిల్ల ఉదయం నుంచి గడ్డి ముట్టలేదు. పంజరం అడుగున రోజూ కనిపించే పెంటికలు లేవు. చెవులు ఎర్రబడ్డాయి. ఇంటివారు వరుసగా ఫోన్లు చేస్తున్నారు. ఒక క్లినిక్‌లో కుక్కలను, పిల్లులను మాత్రమే చూస్తామన్నారు. మరోచోట ఆ జంతువు పేరును రెండుసార్లు చెప్పించుకుని, ఎలుకలాంటిదా అని అడిగారు. ఇది ఫలానా ఇంటి కథ కాదు. అన్యదేశ జంతువుల మోజు పాకిన ఏ భారతీయ నగరంలోనైనా జరగగల సన్నివేశం. జంతువును తెచ్చి అమ్మడానికి అంగడి ఉంది, కొనడానికి డబ్బు ఉంది. అది జబ్బుపడిన రోజున ఆదుకోవడానికి మాత్రం వ్యవస్థ లేదు.

చించిల్లా దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల జీవి. ఎత్తైన, పొడి, చల్లని రాతి నేలలు దాని పుట్టిల్లు. ఒక్కో రోమకూపం నుంచి పదుల కొద్దీ వెంట్రుకలు మొలిచే దట్టమైన ఉన్ని ఆ చలికి కవచం. మన వేసవిలో ఆ కవచమే దానికి ఉరితాడు. దానికి చెమట పట్టదు. గది ఉష్ణోగ్రత సుమారు 27 డిగ్రీలు దాటితే వడదెబ్బ ముప్పు మొదలవుతుంది. 45 డిగ్రీల ఎండ చూసే ఢిల్లీలో, నాగపూర్‌లో, విజయవాడలో ఈ జీవి ప్రాణం ఎయిర్ కండిషనర్‌తో ముడిపడి ఉందంటే అతిశయోక్తి కాదు.

వేడి ఒక్కటే శత్రువు కాదు. ముందరి పళ్లు, దవడ పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచు నిండిన ఎండుగడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. కిస్‌మిస్‌లు, బాదం పప్పులు ముద్దుగా తినిపిస్తే పళ్లు అరగవు, పేగులు పాడవుతాయి. గడ్డం కింద తడి, చొంగ కనిపిస్తే పళ్ల వ్యాధికి సూచన. తిండి ఆగితే పేగుల కదలిక ఆగుతుంది. కదలిక ఆగితే వాయువు పేరుకుని ఆకలి మరింత చస్తుంది. పన్నెండు గంటలు ఏమీ తినని చించిల్లాను అత్యవసర రోగిగా భావించాలి. తల్లిపాలు మానిన కొద్ది వారాలకే చోటు మారి, తిండి మారి, ప్రయాణపు బెదురుతో కొత్త ఇంటికి చేరే పిల్లల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇతర జంతువులకు ఆహారమయ్యే జీవి కనుక అది జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. కంటికి కనిపించే సరికే సమయం మించిపోతుంది. అందుకే వంటింటి తూకంపై రోజూ బరువు చూడటం, పెంటికల సంఖ్యను, పరిమాణాన్ని గమనించడం ఇక్కడ మొదటి వైద్యం. వడదెబ్బ తగిలితే చల్లని గదికి చేర్చి నెమ్మదిగా చల్లబరచాలి, మంచు నీటిలో ముంచకూడదు. తిననప్పుడు గడ్డిపొడితో చేసిన జావను సిరంజితో నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టాలి. పొట్ట ఉబ్బి ఉంటే వైద్యుడు చూడనిదే ఆ పనీ చేయకూడదు.

అసలు విషాదం ఇక్కడే మొదలవుతుంది. వైద్యుడు దొరకని ఇంటివారు మందుల దుకాణానికి వెళతారు. మన దేశంలో చీటీ లేకుండా అమ్మరాని యాంటీబయాటిక్స్ చీటీ లేకుండానే చేతికొస్తాయన్నది బహిరంగ రహస్యం. పసిపిల్లలకు వాడే అమాక్సిసిలిన్ సిరప్ రెండు చుక్కలు పోస్తే తగ్గుతుందని ఎవరో చెబుతారు. పెన్సిలిన్ జాతి మందులు, క్లిండమైసిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే చించిల్లా పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశిస్తాయి. విషం పుట్టించే బ్యాక్టీరియా ఆ చోటును ఆక్రమిస్తుంది. ప్రేమతో పోసిన మందే ప్రాణం తీస్తుంది. ఆ ఇంటివారిని క్రూరులనలేము. తెలిసినవారు అందుబాటులో లేని చోట వారు తెలియక చేసిన పని అది.

ఇక చట్టం సంగతి. అన్యదేశ జంతువులను కలిగినవారు ఆ విషయాన్ని స్వచ్ఛందంగా వెల్లడించాలని 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ కోరింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ జాబితాల్లోని జీవులు దానితో మన చట్టం పరిధిలోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమావళి ప్రకారం వాటిని పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయాలి. ఇవన్నీ అవసరమైన చర్యలే. కానీ సైటిస్ మొదటి అనుబంధంలో చించిల్లా పేరు పక్కనే ఒక మినహాయింపు ఉంది. మనుషులు తరాలుగా పెంచుతున్న సాధు రకానికి ఆ ఒప్పందం వర్తించదు. పంజరంలో ఉన్న పిల్ల ఆ రకానిదే. అంటే అడవిలో మిగిలిన కొద్దిపాటి చించిల్లాలకు అంతర్జాతీయ రక్షణ ఉంది, బాల్కనీలో వగరుస్తున్న దానికి లేదు. జంతువు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగే చట్టం మనకుంది. అది ఎలా బతుకుతోందని అడిగే చట్టం ఏది?

ఉందనే అనాలి, కాగితం మీద. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం తగిన తిండి, నీరు, నీడ కల్పించకపోవడం నేరం. తొలిసారి ఆ నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఆరు దశాబ్దాల కిందట నిర్ణయించిన ఆ మొత్తంతో నేడు ఒక పూట గడ్డి కూడా రాదు. 2022 నవంబరులో సవరణ ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టారు. అది చట్టరూపం దాల్చలేదు. పెంపుడు జంతువుల దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు కావాలని 2018 నియమాలు చెబుతున్నాయి. సామాజిక మాధ్యమాల్లో ఫొటో పెట్టి, పార్సిల్‌లో పంపే వ్యాపారి నమోదును ఎవరు చూస్తారు?

ఇందులో సమాఖ్య కోణమూ ఉంది. దిగుమతులు కేంద్రం చేతిలో ఉన్నాయి. పశువైద్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. జంతు హింస నివారణ ఉమ్మడి జాబితాలో ఉంది. తలుపు తెరిచే అధికారం ఒకరిది, లోపలికొచ్చిన దానిని చూసుకునే భారం మరొకరిది. ఇద్దరి మధ్య జవాబుదారీ ఎవరిదీ కాదు.

కోట్ల పశువులకే వైద్యం అందని దేశంలో సంపన్నుల ముచ్చట గురించి ఈ వేదన ఎందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2019 పశుగణన ప్రకారం దేశంలో పాడి, మాంస పశుసంపద 53 కోట్లకు పైమాటే. గేదె చస్తే ఒక కుటుంబం బతుకు తలకిందులవుతుంది. ప్రభుత్వ ధనం ముందుగా అక్కడికే వెళ్లాలి. చించిల్లాకు సర్కారు ఆసుపత్రి కట్టాలని ఎవరూ కోరడం లేదు. కోరేది అందుకు వ్యతిరేకమైనది: వైద్యం చేయలేని జంతువును అమ్మనివ్వవద్దని. ముచ్చట సంపన్నులదే కావచ్చు, మూల్యం చెల్లించేది మాత్రం నోరులేని ప్రాణి. జీవుల పట్ల కరుణ పౌరుల విధి అని రాజ్యాంగం 51ఎ(జి) అధికరణంలో చెప్పినప్పుడు ఆదాయ పరిమితి పెట్టలేదు.

దారి కొత్తది కాదు. ఏ జంతువులను ఉంచుకోకూడదో చెప్పే నిషేధ జాబితాకు బదులు, ఏవి ఉంచుకోవచ్చో చెప్పే అనుమతి జాబితాను బెల్జియం ఎంచుకుంది. అలాంటి జాబితా పెట్టుకోవడం షరతులకు లోబడి చెల్లుతుందని యూరప్ న్యాయస్థానం 2008లో స్పష్టం చేసింది. నెదర్లాండ్స్ 2024 జులై నుంచి ఆ బాట పట్టింది. మన దేశానికీ వాతావరణం, వైద్య సౌకర్యం, జంతు స్వభావం ఆధారంగా అలాంటి జాబితా కావాలి. అమ్మే ముందు అందుబాటులోని వైద్యుడి పేరును, ఆహార నియమాలను రాతపూర్వకంగా ఇవ్వడం అమ్మకందారు బాధ్యత కావాలి. అన్యదేశ జంతువుల దిగుమతి సుంకంలో కొంత వాటాను పశువైద్య కళాశాలల్లో ఈ విభాగపు శిక్షణకు కేటాయించాలి. ఆన్‌లైన్ అమ్మకాలపైనా 2018 నియమాలను గట్టిగా అమలు చేయాలి.

చించిల్లా చరిత్రలోనే ఒక పాఠం ఉంది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో తోలు కోసం లక్షల్లో వేటాడగా, 1910లో అర్జెంటీనా, బొలీవియా, చిలీ, పెరూ కలసి వేటను నిషేధించే ఒప్పందం చేసుకున్నాయి. అప్పటికే ఆలస్యమైంది. నాడు మనిషి దాని ఉన్నిని ఇష్టపడ్డాడు, జంతువు మిగలలేదు. నేడు దాని ముద్దుతనాన్ని ఇష్టపడుతున్నాడు. ఆ ఇంట్లో కరెంటు తిరిగి రావచ్చు, పిల్ల కోలుకోనూవచ్చు. ఒక ప్రాణం నిలవడాన్ని అదృష్టానికి వదిలేసే చోట కరుణ ఉండవచ్చు గానీ పాలన ఉన్నట్టు కాదు.