ఆకుకూర పండిద్దాం, ఫోలిక్ మాత్ర మాత్రం ఆపొద్దు

ఈసారి వీడియోలో పెరట్లో ఆకుకూరల మడి ఎలా వేసుకోవాలో చూపించాను. దానికి తోడుగా ఒక మాట రాయాలనిపించింది. ప్రకృతి వ్యవసాయం చేసే మనవాళ్లలోనే రెండు మాటలు బాగా తిరుగుతున్నాయి. ఒకటి, హైబ్రిడ్ గింజ తింటే దాని జన్యువులు మన ఒంట్లోకి వచ్చేస్తాయని. రెండోది, మందులు కొట్టని ఆకుకూర తినే ఇంట్లో గర్భిణికి మాత్రలు అక్కర్లేదని, అవీ కెమికలే కదా అని. రెండూ సరి కాదంటాను నేను. అందులో రెండోది ఒక బిడ్డ జీవితానికి సంబంధించింది.

ముందు తిండి సంగతి చూద్దాం. గోంగూర తిన్నా, కోడిగుడ్డు తిన్నా, దేశవాళీ బియ్యం తిన్నా, హైబ్రిడ్ బియ్యం తిన్నా వాటి కణాల్లో ఉండే డీఎన్ఏ కూడా మనం తింటున్నట్టే. నోట్లో నమిలాక అది కడుపులోకి వెళ్తుంది, అక్కడ యాసిడ్ తగులుతుంది. చిన్నపేగులోకి రాగానే క్లోమం నుంచి వచ్చే ఎంజైములు ఆ పొడవాటి డీఎన్ఏ దారాన్ని ముక్కలు ముక్కలు చేస్తాయి. పేగు గోడ దగ్గర ఆ ముక్కలు ఇంకా విడిపోయి చక్కెర, ఫాస్ఫేటు, బేస్‌లు అనే చిన్న పదార్థాలుగా మిగులుతాయి. పాత ఇల్లు విప్పితే ఇటుకలు, కర్రలు మిగులుతాయి గానీ ఇల్లు మిగలదు కదా, ఇదీ అంతే. గోంగూర తిన్న మనిషి గోంగూర కాడు, హైబ్రిడ్ బియ్యం తింటే మన జన్యువుల్లో రాత మారదు. హైబ్రిడ్ విత్తనం వద్దనడానికి మన దగ్గర వేరే గట్టి కారణాలున్నాయి. ఏటా విత్తనం కొనాల్సి రావడం ఒక్కటి చాలదా?

మరి తిండికీ మన డీఎన్ఏకీ సంబంధమే లేదా అంటే, ఉంది. అది కాపీ తీసే దగ్గర ఉంది.

మన ఒంట్లో కణాలు అరిగిపోతుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. పేగు లోపలి పొర కణాలైతే 3 నుంచి 5 రోజుల్లోనే మారిపోతాయి. ఒక కణం రెండు కావాలంటే ముందు లోపలి డీఎన్ఏ అంతా రెండో ప్రతి తయారవ్వాలి. డీఎన్ఏ మెలితిప్పిన నిచ్చెనలా ఉంటుంది. మెట్లలో ఏ ఎదురుగా టీ, జీ ఎదురుగా సీ. కాపీ తీసేటప్పుడు నిచ్చెన జిప్ లాగినట్టు మధ్యకి విడిపోతుంది. ఒక్కో సగం పక్కన సరిపోయే అక్షరాలు వచ్చి చేరతాయి. ఒక నిచ్చెన రెండు నిచ్చెనలవుతుంది, ప్రతిదాంట్లోనూ ఒక సగం పాతది, ఒక సగం కొత్తది. మనిషి కణంలో ఇలా సుమారు 600 కోట్ల జతలు కాపీ అవ్వాలి, దానికి 8 గంటల దాకా పడుతుంది.

ఈ పనిలో టీ అనే అక్షరం తయారవ్వాలంటే ఫోలేట్ అనే విటమిన్ ఉండాలి. అది చాలకపోతే కాపీ ఆగిపోతుంది. ఎర్ర రక్తకణాలు విడిపోలేక పెద్దవిగా, పక్వానికి రాకుండా ఉండిపోతాయి, రక్తహీనత వస్తుంది. లాటిన్‌లో ఆకు అనే మాట నుంచే దీనికి ఆ పేరు వచ్చింది. తోటకూర, పాలకూర, పెసలు, శనగల్లో బాగా ఉంటుంది. ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1945లో అమెరికాలో చేశారు.

ఇప్పుడు అసలు విషయం. కడుపులో బిడ్డకి కణాలు అతి వేగంగా విడిపోతుంటాయి. మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. అప్పటికి చాలామంది ఆడవాళ్లకి గర్భం వచ్చిన సంగతే తెలీదు. ఆ సమయంలో ఫోలేట్ తక్కువైతే వెన్ను సరిగా మూసుకోని బిడ్డ పుట్టే ప్రమాదం పెరుగుతుంది. అందుకే పిల్లల కోసం చూస్తున్నప్పటి నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

మన మడిలో తోటకూర ఎంత బాగున్నా, ఉడికిస్తే ఫోలేట్ కొంత పోతుంది, ఉడికిన నీళ్లు పారబోస్తే ఇంకొంత పోతుంది. మాత్రలో ఉన్నది ఒంటికి తేలిగ్గా పడుతుంది, ఎంత వేసుకున్నామో లెక్క కూడా ఉంటుంది. మడిలో లెక్క ఎవరు చెప్పగలరు?

యూరియా వద్దంటే నేల కోసం, ఖర్చు కోసం అంటున్నాం. ఆ కారణాల్లో ఒక్కటీ ఈ చిన్న మాత్రకి వర్తించదు. పొలంలో మందు మీద కోపం ఇంట్లో ఆడపిల్ల మాత్ర మీద చూపిస్తే ఎలాగండీ? అలాగని మాత్ర ఉంది కదా అని ఆకుకూర మానేయకండి, అందులో ఇనుము, పీచు, ఇంకా చాలా ఉన్నాయి.

మడి వేయండి, పప్పులో ఆకు దండిగా వేయండి. ఇంట్లో కొత్త కోడలు గానీ, కూతురు గానీ ఉంటే డాక్టర్‌నో, ఆశా కార్యకర్తనో అడిగి మాత్ర మొదలుపెట్టించండి. ఆ బాధ్యత మగవాళ్లది కూడా.