కారు లోన్ ముందే కట్టేద్దామా? ముందు ఈ లెక్క చూడండి

చేతిలో నాలుగు డబ్బులు ఎక్కువ ఆడే నెల అందరికీ ఏడాదికి ఒకటైనా ఉంటుంది. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి అది బోనస్ పడే నెల. మా లాల్‌దర్వాజా, ఛత్రినాక గల్లీల్లో అయితే చిట్టీ ఎత్తిన నెల. అప్పుడు ఇంట్లో మొదలయ్యే చర్చ ఒకటే: "ఈ కారు లోన్ పీడ వదిలించుకుంటే పోలా?"

వదిలించుకోవచ్చు. కానీ ఎప్పుడు కడుతున్నాం, ఎలా కడుతున్నాం అన్నదాన్ని బట్టి ఒకరికి 80 వేలు మిగిలితే, ఇంకొకరికి ఎదురు డబ్బు పడుతుంది. రెండూ లెక్కతో చూద్దాం. భయపడకండి, గుణకారం, భాగహారం వస్తే చాలు.

వడ్డీ అంతా ముందే పోతుంది

రూ.8 లక్షల కారు లోన్, 9.5 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుందాం. ఈఎంఐ దాదాపు రూ.16,800 వస్తుంది. ఐదేళ్లలో మొత్తం వడ్డీ రూ.2,08,000. అది ఏ ఏడాది ఎంత పోతుందో చూడండి.

మొదటి ఏడాది: రూ.70,400
రెండో ఏడాది: రూ.57,400
మూడో ఏడాది: రూ.43,000
నాలుగో ఏడాది: రూ.27,300
ఐదో ఏడాది: రూ.10,000

ఇందులో బ్యాంకు మోసమేమీ లేదు. వడ్డీ ఎప్పుడూ మిగిలిన అసలు మీదే పడుతుంది. మొదటి నెల అసలు 8 లక్షలు కాబట్టి, ఆ నెల ఈఎంఐలో రూ.6,333 వడ్డీకే పోతుంది. చివరి నెల వచ్చేసరికి వడ్డీ రూ.130 మాత్రమే. మొదటి రెండేళ్లలోనే మొత్తం వడ్డీలో 61 శాతం కట్టేస్తాం.

అందుకే అదే లక్ష రూపాయలు ఎప్పుడు కట్టామన్నది ముఖ్యం. ఈఎంఐ మార్చకుండా, ఏడాది తర్వాత లక్ష అదనంగా కడితే దాదాపు రూ.41,700 వడ్డీ తగ్గుతుంది. రెండేళ్ల తర్వాత కడితే రూ.29,300. నాలుగేళ్ల తర్వాత కడితే రూ.7,600 మాత్రమే. లక్ష అదే లక్ష, ఆలస్యం ఖరీదు మాత్రం 34 వేలు.

ఛార్జీ చూసుకోకపోతే ఎదురు కట్టాలి

లోన్ ముందే తీర్చితే బ్యాంకుకు రావాల్సిన వడ్డీ పోతుంది. అందుకే చాలా కారు లోన్లలో ఫోర్‌క్లోజర్ ఛార్జీ ఉంటుంది. ఎంత అన్నది బ్యాంకును బట్టి, ఎన్ని ఈఎంఐలు కట్టామన్నదాన్ని బట్టి మారుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా వేస్తుంటారు.

మన లోన్‌కి ఈ ఛార్జీ 5 శాతం అనుకుందాం. రెండేళ్ల తర్వాత మొత్తం తీర్చేస్తే మిగిలిన అసలు రూ.5,24,500. తప్పే వడ్డీ రూ.80,300. ఛార్జీ, జీఎస్టీ కలిపి రూ.30,900 పోయినా చేతికి రూ.49,400 మిగులుతుంది. మంచిదే.

అదే నాలుగేళ్ల తర్వాత తీర్చేస్తే? మిగిలిన అసలు రూ.1,91,600. తప్పే వడ్డీ రూ.10,000. ఛార్జీ, జీఎస్టీ కలిపి రూ.11,300. అంటే రూ.1,300 ఎదురిచ్చి మరీ లోన్ మూసినట్టు. చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ ఒక్క లెక్క వేసుకున్నాకే బ్రాంచికి వెళ్లండి.

ఇక్కడ ఆర్‌బీఐ రూల్ ఒకటి తెలిసి ఉండాలి. ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తులు సొంత అవసరానికి తీసుకున్న టర్మ్ లోన్‌ని ముందే తీర్చితే ఛార్జీ వేయకూడదని 2014 నుంచే ఉంది. 2025 జులైలో ఇచ్చిన కొత్త ఆదేశాల ప్రకారం, 2026 జనవరి 1 తర్వాత మంజూరైన లేదా రెన్యువల్ అయిన లోన్లకి దీన్ని ఇంకా గట్టిగా చెప్పారు. డబ్బు ఎక్కడి నుంచి తెచ్చి కట్టారని అడగకూడదు, ఇన్ని నెలలు ఆగాలని షరతు పెట్టకూడదు. వ్యాపారం కోసం వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ లోన్లకి కూడా వాణిజ్య బ్యాంకులు, పెద్ద ఫైనాన్స్ కంపెనీల దగ్గర ఈ మినహాయింపు వచ్చింది.

కానీ మన దగ్గర కారు లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటువే. 2025లో ఆర్‌బీఐ రెపో రేటును 6.5 నుంచి 5.25 శాతానికి దించినా చాలామంది కారు ఈఎంఐ రూపాయి కూడా కదలకపోవడానికి కారణం అదే. మీది ఏ రకమో కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. 2024 అక్టోబర్ నుంచి కొత్త రిటైల్ లోన్లన్నిటికీ ఇది ఇచ్చి తీరాలి. అందులో లేని ఛార్జీని మీ ఒప్పుదల లేకుండా తర్వాత వేయడానికి లేదు.

మన పైసల భాషలోకి మారిస్తే

ఇంట్లో పెద్దవాళ్లకి 9.5 శాతం అంటే అర్థం కాదు. "నూటికి ఎంత?" అని అడుగుతారు. నిజానికి అదే మంచి కొలత. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. ఆ లెక్కన మన కారు లోన్ 80 పైసల వడ్డీ.

ఇప్పుడు మీ అప్పులన్నీ ఇదే భాషలో ఒక కాగితం మీద రాయండి. క్రెడిట్ కార్డు బాకీ చాలా కార్డుల్లో మూడు, మూడున్నర రూపాయల వడ్డీ. తెలిసినవాళ్ల దగ్గర తెచ్చిన చేబదులు రెండు రూపాయలో, మూడు రూపాయలో ఉంటుంది. పర్సనల్ లోన్ రూపాయి దాటుతుంది. వీటిలో ఏది ఉన్నా చిట్టీ డబ్బు ముందు అక్కడికే పోవాలి, కారుకి కాదు. ఇంట్లో బంగారం కుదువపెట్టి కారు లోన్ తీర్చే ఆలోచన ఉంటే, ఆ బంగారం లోన్ 80 పైసల కంటే తక్కువకి వస్తుందా అని ముందు అడగండి. రాకపోతే అప్పు తీరలేదు, పేరు మార్చుకుని ఇంకో గుమ్మం ఎక్కిందంతే.

సెకండ్ హ్యాండ్ కారుకి ప్రైవేటు ఫైనాన్స్ తీసుకునేవాళ్లు ఇంకో మాట జాగ్రత్తగా వినాలి: 'ఫ్లాట్ రేటు'. రూ.3 లక్షలు, మూడేళ్లు, 10 శాతం ఫ్లాట్ అంటే 90 వేలు వడ్డీ కలిపి నెలకి రూ.10,833 కట్టమంటారు. అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 3 లక్షల మీదే లెక్క. బ్యాంకు లెక్కలోకి మారిస్తే అది దాదాపు 18 శాతం, అంటే రూపాయిన్నర వడ్డీ. ఇలాంటి లోన్ తీర్చేముందు మిగిలిన అసలు ఎలా లెక్కపెట్టారో కాగితం మీద రాసిమ్మనండి.

అన్నీ రూపాయల్లో తేలవని కూడా చెప్పాలి. పాతబస్తీలో నా ముస్లిం దోస్తుల్లో కొందరికి 'సూద్' అన్న మాటే గుండెల మీద బరువు. కారు తప్పనిసరై లోన్ తీసుకున్నారు. ఒక్క నెల వడ్డీ తగ్గినా వాళ్లకి అది లాభనష్టాల సంగతి కాదు, మనశ్శాంతి సంగతి. దానికి ఎక్సెల్‌లో కాలమ్ లేదు.

గడువు తగ్గించాలా? ఈఎంఐ తగ్గించాలా?

కొంత డబ్బే కట్టినప్పుడు బ్యాంకు రెండు దారులు చూపిస్తుంది. రెండేళ్ల తర్వాత లక్ష కట్టిన ఉదాహరణే తీసుకుందాం. ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించుకుంటే లోన్ ఏడు నెలల ముందే అయిపోతుంది. మిగిలేది రూ.29,300. గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించుకుంటే, అది రూ.13,600కి దిగుతుంది. మిగిలేది రూ.15,300. ఛార్జీ ఉంటే రెండింటిలోనూ ఆ మేరకు తీసేయాలి.

లెక్క చూస్తే గడువు తగ్గించడమే తెలివైన పని. నెల జీతం వచ్చేవాళ్లకి నేనూ అదే చెప్తాను. కానీ మా గల్లీలో క్యాబ్ నడిపే అన్న ఒకాయన ఈ రెండు అంకెలూ విని రెండో దారే పట్టాడు. ఆయన లోన్ కూడా ఇంచుమించు ఇంతే. "తమ్మీ, నువ్వు నెల లెక్క చూస్తున్నవ్. నాది దినం లెక్క. పొద్దున బండి తీస్తే కిస్తీకే ఐదొందల అరవై పక్కకు పెట్టాలె. అది నాలుగొందల యాభై అయితే, గిరాకీ లేని దినం గూడ ఇంట్ల కూరగాయలొస్తయ్" అన్నాడు.

నిజమే. ఆయనకి 14 వేలు తక్కువ మిగిలాయి. కానీ వానాకాలంలో బండి ఓ వారం నడవకపోయినా కిస్తీ తప్పే భయం తగ్గింది. ఒక్క ఈఎంఐ బౌన్స్ అయితే బ్యాంకు పెనాల్టీ, చెక్ రిటర్న్ ఛార్జీ, పడిపోయే సిబిల్ స్కోరు అన్నీ కలిసి ఆ తేడాని మెల్లగా తినేస్తాయి. ఆదాయం రోజుకో రకంగా ఉండేవాళ్లకి ఈఎంఐ తగ్గించుకోవడం తెలివి తక్కువ పనేం కాదు.

దీన్నుంచి అందరికీ పనికొచ్చే రూల్ ఒకటుంది. మూడు, నాలుగు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలు కలిపి పక్కన పెట్టాకే లోన్ వైపు చూడండి. బ్యాంకుకి కట్టేసిన లక్ష, ఆస్పత్రి అవసరం వస్తే మళ్లీ 80 పైసలకి దొరకదు. ఎఫ్‌డీలో ఆరేడు శాతానికి ఊరికే పడున్న డబ్బు దాటి ఉంటే మాత్రం, 9.5 శాతం లోన్‌కి కట్టడమే లాభం. ఎఫ్‌డీ వడ్డీ మీద పన్ను కూడా ఉందని మర్చిపోకండి.

తీర్చాక అసలు పని మొదలవుతుంది

డబ్బు కట్టగానే కారు పూర్తిగా మీది అయిపోదు. ఆర్‌సీలో ఇంకా బ్యాంకు పేరు ఉంటుంది. దాన్నే హైపోథికేషన్ అంటారు. అది తీయించకపోతే కారు అమ్మేటప్పుడు తల నొప్పి. వరుసగా చేయాల్సినవి ఇవి.

కట్టేముందు ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ తీసుకోండి. ఏ తేదీ వరకు ఆ మొత్తం చెల్లుతుందో చూడండి, వడ్డీ రోజువారీగా పెరుగుతుంది.

కట్టాక లోన్ క్లోజర్ లెటర్, ఎన్‌ఓసీ, బ్యాంకు సంతకంతో రెండు ఫారం 35లు అడిగి తీసుకోండి. ఈఎంఐ ఆటో డెబిట్ ఆగిందో లేదో వచ్చే నెల చూసుకోండి.

ఎన్‌ఓసీకి సాధారణంగా మూడు నెలలే గడువు. ఆలోపే రవాణా శాఖ సైట్‌లో స్లాట్ బుక్ చేసుకుని మీ ఆర్‌టీఓకి వెళ్లండి. పాతబస్తీలో ఎక్కువమందికి అది బండ్లగూడ ఆఫీసు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితం వెంట ఉండాలి. తర్వాత ఇన్సూరెన్స్ పాలసీలో కూడా బ్యాంకు పేరు తీయించండి.

వ్యక్తుల లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు తిరిగి ఇచ్చి, రిజిస్ట్రీల్లో ఉన్న తనఖా తీయించాలని ఆర్‌బీఐ 2023లోనే చెప్పింది. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి రూ.5,000 పరిహారం. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో తేలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉంది, 14448కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

ఇంత చదివాక ఈ రాత్రి చేయాల్సిన పని ఒక్కటే. మీ బ్యాంకు యాప్ తెరిచి మూడు అంకెలు రాసుకోండి: మిగిలిన అసలు, మిగిలిన ఈఎంఐలు, ఫోర్‌క్లోజర్ ఛార్జీ. మిగిలిన ఈఎంఐల మొత్తం లోంచి అసలు తీసేస్తే వచ్చేదే మీకు తప్పే వడ్డీ. అది ఛార్జీ కంటే చాలా ఎక్కువ ఉంటే, పక్కన ఖర్చులకి డబ్బు ఉంటే, ఆలోచించకుండా కట్టేయండి. లేదంటే ఆ డబ్బుకి ఇంకో చోట ఇంకా మంచి పని ఉంది.