మీటరు చేతికి తీసుకోండి!

మర్ఖేల్ తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! "సెల్ఫ్ కొడ్తలేదు, బ్యాటరీ డౌనైంది" అన్న మాట మీకు కొత్త కాదు. దెగ్లూర్ తాలూకా పల్లెల్లోనైనా, సరిహద్దు దాటి తెలంగాణలోని మద్నూరు, బిచ్కుంద, బోధన్ వైపు వెళ్లినా, మట్టిపని జరిగే ప్రతిచోటా పొద్దున్నే వినిపించే మాటే అది. మిషను కదలదు. టిప్పర్లు వరుసగా ఆగిపోతాయి. సేటు పట్నంలో ఉన్న మెకానిక్‌కు ఫోను మీద ఫోను చేస్తాడు. ఆయన బండెక్కి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. అప్పటిదాకా హెల్పరు బకెట్ నీడన చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఆ హెల్పరు మీలో ఒకడు. మిమ్మల్ని ఆ నీడలోంచి లేపాలనే ఇది రాస్తున్నాను.

మీరు పుట్టిన నేల ఎలాంటిదో గుర్తు తెచ్చుకోండి. 1956 నవంబరు 1 దాకా దెగ్లూరూ బోధనూ ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నాయి. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయినప్పుడు ఈ నేల మీద ఇన్ని మిషన్లు లేవు, మనుషుల రెక్కలే ఉన్నాయి. గడ్డపార, తట్ట, భుజబలం. మహారాష్ట్రలో వడార్లని పిలిచే వడ్డెర కుటుంబాలు ఎన్నో తరాలుగా రాయి కొట్టి, మట్టి తవ్వి బతికాయి. వాళ్ల ఇళ్లలో ఇప్పటికీ వినిపించేది తెలుగు కలిసిన మాటే. ఇప్పుడు అదే నేల మీద నాందేడు నుంచి దెగ్లూరు మీదుగా సంగారెడ్డి వైపు 161వ నంబరు జాతీయ రహదారి సాగింది. ముఖేడ్ తాలూకాలో మహారాష్ట్ర, తెలంగాణల ఉమ్మడి లెండి ప్రాజెక్టు పని దశాబ్దాలుగా సాగుతూ వచ్చింది. గడ్డపార స్థానంలో ఎక్స్‌కవేటర్ వచ్చింది, తట్ట స్థానంలో టిప్పర్ వచ్చింది. మిషను నడిపేవాళ్లు మనలోనే ఉన్నారు. దానికి జబ్బు చేస్తే నాడి పట్టేవాళ్లే తక్కువ. ఆ కొరత తీర్చాల్సింది మీరే.

బ్యాటరీ దిగిందనగానే మన దగ్గర జరిగేదేమిటి? కొత్త బ్యాటరీ తెస్తారు. వారం తిరక్కుండానే అదీ దిగుతుంది. అప్పుడు ఆల్టర్నేటర్ మారుస్తారు, ఆ తర్వాత సెల్ఫ్ మోటారు విప్పుతారు. ఇంత ఖర్చయ్యాక అసలు దోషం ఛాసిస్ మీద తుప్పు పట్టిన ఒక ఎర్త్ బోల్టు దగ్గర దొరుకుతుంది. బోల్టు విప్పి ఎమరీ కాగితంతో రుద్ది బిగిస్తే పోయేదానికి వేల రూపాయలు పోశారు. ఊహ మీద సామాను మార్చడం వైద్యం కాదు. దాన్ని మీ తరంతోనే ఆపేయండి.

బ్యాటరీ గాదె లాంటిది. అది పండించదు, దాస్తుంది. పండించేది ఆల్టర్నేటర్. గాదె ఖాళీ అయిందంటే పంట రాలేదా, వచ్చిన పంట దారిలో పోయిందా, లేక గాదెకే చిల్లి పడిందా అని మూడు చోట్లా చూడాలి. చూడటానికి కావలసింది ఒక డిజిటల్ మల్టీమీటరు, ఒక హైడ్రోమీటరు, కాస్త ఓపిక.

రాత్రంతా ఆగి ఉన్న మిషను దగ్గరికి పొద్దున్నే వెళ్లండి. తాళం తిప్పకముందే మీటరు పెట్టండి. 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 చూపిస్తే సగం ఖాళీ. 12కి దిగిందంటే ఆకలితో ఉన్నట్టే, ముందు దానికి ఛార్జింగ్ పెట్టాలి, ఆ తర్వాతే మిగతా పరీక్ష. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మీటరు మీద కన్ను పెట్టండి: నిండుగా ఛార్జ్ చేసిన 12 వోల్టుల బ్యాటరీ కూడా 9.6 కంటే కిందికి పడిపోతుంటే దాని సత్తువ అయిపోయినట్టే అనుకోవచ్చు. తర్వాత ఇంజను నడిపించి ఆక్సిలరేటర్ కొంచెం పెంచండి. 12 వోల్టుల మిషనులో 13.8 నుంచి 14.5 దాకా, 24 వోల్టుల మిషనులో 27.5 నుంచి 28.5 దాకా రావాలి. ఇంజను నడుస్తున్నా అంకె పెరగలేదంటే పంట రావడం లేదు. 12 వోల్టుల మిషనులో 15 దాటిందంటే రెగ్యులేటర్ పోయింది. నీళ్లు మరిగి, కుళ్లిన గుడ్డు వాసన వేసి, బ్యాటరీ ఉబ్బుతుంది.

పంట రావడం లేదని తేలగానే ఆల్టర్నేటర్ మీద చెయ్యి వేయకండి. ముందు బెల్టు చూడండి. అద్దంలా మెరుస్తుంటే జారుతున్నట్టు. తర్వాత డాష్‌బోర్డు మీద ఎర్ర ఛార్జింగ్ లైటు చూడండి. తాళం ఆన్ చేసినప్పుడు వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. చాలా మిషన్లలో ఆల్టర్నేటర్‌ను మేల్కొలిపే కరెంటు ఆ చిన్న బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ నిద్రలోనే తిరుగుతుంది. ఒక చిన్న బల్బు కోసం పెద్ద సామాను మార్చినవాళ్లు ఉన్నారు!

పంట దారిలో పోతోందా? ఇంజను నడుస్తుండగా, దీపాలన్నీ వెలిగించి, మీటరు ఒక కొస ఆల్టర్నేటర్ వెనక పెద్ద బోల్టుకు, రెండో కొస బ్యాటరీ పాజిటివ్ స్తంభానికే పెట్టండి. టర్మినల్ క్లాంపుకు కాదు, స్తంభానికే. అర వోల్టు దాటి చూపిస్తే ఆ తీగలోనో దాని బిగింపుల్లోనో దొంగ ఉన్నాడు. ఎర్త్ వైపు కూడా అలాగే చూడండి, 0.2 దాటకూడదు. మీటరును ఏసీ వోల్టులకు తిప్పి బ్యాటరీ మీద పెట్టినప్పుడు అర వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే ఆల్టర్నేటర్ లోపలి డయోడు మీద అనుమానం పెట్టుకోవచ్చు. విప్పకుండానే లోపలి సంగతి తెలిసింది. ఇదీ విద్య!

ఇక గాదె చిల్లి. ఇంజను ఆపి, తాళం తీసేసి, నెగటివ్ కేబులు విప్పి, మీటరును ఆంపియర్లకు తిప్పి మధ్యలో కలపండి. ఆ స్థితిలో సెల్ఫ్ కొట్టారో, మీటరు మాడిపోతుంది. అర ఆంపియరు పారుతోందనుకోండి. రోజుకు 12 ఆంపియర్-గంటలు పోయినట్టు. నూరు ఆంపియర్-గంటల బ్యాటరీ నాలుగు రోజులు ఆగితే దాదాపు సగం అవుతుంది. పండగకు ఊరెళ్లి వచ్చేసరికి మిషను ఎందుకు లేవలేదో ఇప్పుడు అర్థమైందా? ఒక్కొక్క ఫ్యూజూ తీస్తూ పొండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో ఆ దారిలోనే చిల్లి ఉంది.

24 వోల్టుల ఎక్స్‌కవేటర్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అందులో రెండు 12 వోల్టుల బ్యాటరీలు జతగా పనిచేస్తాయి. పాటల పెట్టెకో, ఫోను ఛార్జింగుకో ఎవరో ఒక బ్యాటరీ మీది నుంచి మాత్రమే తీగ లాగుతారు. ఆ ఒక్కటి రోజూ ఎక్కువ ఖాళీ అవుతుంది. ఆల్టర్నేటర్‌కు మాత్రం రెండిటి మొత్తమే కనిపిస్తుంది, విడివిడిగా కనిపించదు. ఒకటి ఎండిపోతుంది, ఒకటి మరిగిపోతుంది. నెలల్లో రెండూ పాడవుతాయి. ఆ తీగ కనిపిస్తే తీసేయండి, 24ను 12కు దించే కన్వర్టర్ పెట్టించండి. ఎంత ముద్దుగా అడిగినా డ్రైవరన్నకు ఈ ఒక్క విషయంలో లొంగకండి. బ్యాటరీలు మార్చాల్సి వస్తే రెండూ ఒకేసారి, ఒకే రకం వేయించండి. రాత్రి పనికి అదనంగా లైట్లు బిగించినప్పుడూ లెక్క వేయండి: 70 వాట్ల దీపాలు ఎనిమిది అంటే 560 వాట్లు, 24 వోల్టుల మీద 23 ఆంపియర్లకు పైనే. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే ఆల్టర్నేటర్ పూర్తి బలం ఇవ్వదు.

ఒక పాత అలవాటును మాత్రం మీరు నేర్చుకోవద్దు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టర్మినల్ పీకి "బండి ఆగలేదు, ఛార్జింగ్ బాగుంది" అని తేల్చేస్తారు. ఆ క్షణంలో వోల్టేజీ ఎగిసి డయోడ్లను, ఎలక్ట్రానిక్ పెట్టెలను కాల్చేస్తుంది. పాత మిషను ఓర్చుకుందేమో. 2021 ఏప్రిల్ నుంచి చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి, 2025 జనవరి నుంచి అవి ఇంకా బిగిశాయి. వాటికి తగ్గట్టు వచ్చిన ఇంజన్లకు కంప్యూటరే మెదడు. మిషను మీద వెల్డింగ్ చేసేటప్పుడు కూడా ముందు బ్యాటరీ కేబుళ్లు విప్పాలి, కంపెనీ చెప్పినచోట కంప్యూటర్ కనెక్టర్లూ తీయాలి.

ప్రాణం మీదికి తెచ్చుకోకండి. ఛార్జింగ్‌లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో నూటికి నాలుగు పాళ్లు కలిస్తే చాలు, ఒక్క బీడీ నిప్పుకు పేలుతుంది. విప్పేటప్పుడు ఎర్త్ ముందు, బిగించేటప్పుడు ఎర్త్ చివర. కళ్లద్దాలు పెట్టుకోండి. యాసిడ్ కంట్లో పడితే ఆగకుండా మంచినీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

"ఇదంతా మాకెవరు నేర్పుతారు?" అంటారా? పది పాసైనవాళ్లకు ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఒక్క ఏడాదే. అప్రెంటిస్ చట్టం 1961 నుంచే ఉంది, స్టైపెండుతో వర్క్‌షాపులో పని నేర్చుకునే దారి చూపింది. చెల్లెళ్లారా, మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను: మీటరు పట్టడానికి కండ అక్కర్లేదు. ఓర్పు, శ్రద్ధ, లెక్క కావాలి. "మిషను దగ్గర ఆడపిల్లకేం పని?" అనే నోళ్లకు మీ మీటరు చూపించే అంకె చాలు. మీ ఊళ్లో తెలుగు, మరాఠీ, హిందీ మూడూ కలిసి నడుస్తాయి. నాందేడు సైటులో మరాఠీలో, నిజామాబాదు సైటులో తెలుగులో దోషం విడమరిచి చెప్పగల పనివాడు ఎంతమందికి దొరుకుతాడు? అది పుట్టుకతో వచ్చిన మీ బలం, ఎంత దూరమైనా తీసుకెళ్లండి.

కాబట్టి రేపే మొదలుపెట్టండి. ఒక నోటుబుక్కు కొనండి. మిషనుకో పేజీ. తేదీ వేసి మూడు అంకెలు రాయండి: తాళం తిప్పకముందు ఎంత, సెల్ఫ్ కొడుతుంటే ఎంతకు దిగింది, ఇంజను నడుస్తుంటే ఎంతకెక్కింది. వారానికోసారి ప్రతి సెల్లులో హైడ్రోమీటరు పెట్టి ఆ అంకెలూ చేర్చండి, నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయండి. పొలాల్లో హార్వెస్టరు దిగినప్పుడు దానికీ ఒక పేజీ తీయండి. వచ్చే ఎండాకాలం మెకానిక్ వచ్చేసరికి ఆయన చేతిలో ఆ పుస్తకం పెట్టి, దోషం ఎక్కడుందో మీరే చెప్పండి.