పరంపర కొందరిదే ఎందుకు?

వాయులీన విద్వాంసుల జీవిత పరిచయాలు తరచూ ఒకే వాక్యంతో మొదలవుతాయి: 'సంగీత కుటుంబంలో జన్మించారు'. సన్నాయి ఊదే ఇంట్లోనో, డప్పు కొట్టే ఇంట్లోనో పుట్టిన కళాకారుని గురించి రాసేటప్పుడు ఆ వాక్యం 'కులవృత్తిని కొనసాగిస్తున్నారు' అని మారిపోతుంది. నిజానికి రెండు ఇళ్లలోనూ జరిగింది ఒక్కటే. పెద్దలు వాయిస్తుంటే పిల్లలు విన్నారు, వారి పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఒకచోట దాని పేరు పరంపర, మరొకచోట వృత్తి.

సంగీతానికి కులం లేదని వాదించేవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని సాక్ష్యంగా చూపుతారు. ఆ సాక్ష్యాన్ని పూర్తిగా వినాలి. 1893లో బెంగళూరులో పుట్టిన ఆయన విశాఖపట్నంలో పెరిగారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. చూపు మందగించి బడి చదువు ఆగిపోయింది. అయితే ఇంట్లో ఫిడేలు ఉంది, నేర్పడానికి అన్నగారు వెంకటకృష్ణయ్య ఉన్నారు. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాల ప్రారంభమైనప్పుడు విద్యార్థిగా చేరడానికి వెళ్లిన ఆ 26 ఏళ్ల యువకుని వాదన విని, ఆచార్యునిగానే నియమించారని ప్రసిద్ధి. 1936లో ఆయన అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలుకు ఒంటరిగా కచేరీని నడిపే గౌరవం తెచ్చినవారిలో ఆయన అగ్రగణ్యులు.

ఆయన ప్రతిభ నిర్వివాదం. బ్రాహ్మణాధిక్యం బలంగా ఉన్న కచేరీ లోకంలో ఒక బ్రాహ్మణేతరుడు ఆ స్థానం పొందడం చిన్న విషయం కాదు. కానీ ఆ ప్రతిభ వెనుక నెలజీతం ఉన్న ఇల్లు, ఇంట్లో వాద్యం, నేర్పే అన్న, పట్టా అడగకుండా చెవితో పరీక్షించిన సంస్థ ఉన్నాయి. ఈ నాలుగూ ఒకచోట కలిశాయి గనుకనే బడి మూసిన తలుపును సంగీతం తెరవగలిగింది. కులం గోడ లేదనడానికి ఈ జీవితం రుజువు కాదు. ఆ గోడ దాటడానికి ఎన్ని మెట్లు కావాలో చెప్పే లెక్క ఇది.

పేదరికానికీ కులం ఉంటుంది. అదే విజయనగరంలో ఘంటసాల మధుకరంతో కడుపు నింపుకొని సంగీతం నేర్చుకున్నారు. ఆ కష్టం తలచుకుంటే నేటికీ మనసు చెమర్చుతుంది. అయితే ఆ గడపల ముందు మాల, మాదిగ బాలుడు జోలె పట్టి నిలబడగలిగేవాడా? పేద బ్రాహ్మణ బాలునికి ఆచారమే అన్నం పెట్టింది. దళిత బాలుని అదే ఆచారం వీధి చివరనే ఆపేసింది.

శాస్త్రీయం వేరు, జానపదం వేరు అని కొందరు అంటారు. రెండున్నర శతాబ్దాల కిందట కర్ణాటక సంగీతంలో ఫిడేలుకు చోటే లేదు. బాలుస్వామి దీక్షితుల కాలంలో ఐరోపా వారి నుంచి వచ్చిన ఆ వాద్యానికి గుర్రపు వెంట్రుకల కమాను, గొర్రె పేగుల తంత్రులు ఉండేవి. వాటికి అంటు అడ్డురాలేదు. డప్పు తోలుకు మాత్రం అడ్డొచ్చింది. మైల వాద్యంలో లేదు, అది ఎవరి చేతుల్లో ఉందన్న చూపులో ఉంది.

మరో తంత్రీవాద్యం కిన్నెరను చూడండి. సొరకాయ బుర్రలు, వెదురుతో చేసే పన్నెండు మెట్ల కిన్నెరను దక్కలి సమాజానికి చెందిన దర్శనం మొగులయ్య తండ్రితాతల నుంచి నేర్చుకున్నారు. ద్వారం వారి వలెనే ఆయన చదువూ ఇంట్లోనే సాగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నారన్న వార్త వచ్చింది. ఒక ఇంటి విద్య ఆచార్య పీఠానికి చేరింది. మరో ఇంటి విద్య పతకం దగ్గర ఆగిపోయింది. తేడా నేర్చుకున్న తీరులో లేదు, ఆ విద్యకు సంస్థ తలుపు తెరిచిందా లేదా అన్నదానిలో ఉంది.

అందుకే ప్రభుత్వాలను అడగవలసినవి రెండు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఫిడేలు, వీణ నేర్పే శాశ్వత ఉపాధ్యాయులు కావాలి. ఇంట్లో వాద్యం లేని బిడ్డకు బడిలోనైనా అది చేతికందాలి. విశ్వవిద్యాలయాల సంగీత శాఖలు డప్పు, కిన్నెర, సన్నాయి గురువులను పట్టాలతో నిమిత్తం లేకుండా, వారి విద్య విని ఆచార్యులుగా నియమించాలి. ఇది కొత్త కోరిక కాదు. ఒక సంస్థానాధీశుని కళాశాల 1919లో పాటించిన పద్ధతినే రాజ్యాంగం ఉన్న గణతంత్రం పాటించాలని అడుగుతున్నాం. కళాకారులకు సన్మానాలు చాలా జరిగాయి. ఇక నియామకాలు జరగాలి.