గృహోపకరణములు: వేడిని తోడు యంత్రమును, దానిని బిగించువారును

గిద్దలూరు ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన యుత్తరము ఈ మాసపు ప్రసంగమునకు కారణమైనది. వారియింట డెబ్బదియేండ్లు దాటిన అత్తగారును, ఏడాది నిండని పసిబిడ్డయు నున్నారట. పండుకొనునది మేడమీది గది. పైన కాంక్రీటు కప్పు, పడమట కిటికీ. కూలరు కలదు గాని దానిలో పోయుటకు నీరు చాలదు. ఎయిర్ కండిషనరు కొనుటకు ఇంటివారు ఎట్టకేలకు సమ్మతించిరి. “దుకాణమువారు చెప్పునది యొకటి, బిగించుటకు వచ్చువారు చెప్పునది మఱియొకటి. ఎవరిమాట నమ్మవలెను?” అని యామె ప్రశ్న. ఇది యామె యొక్కతె ప్రశ్న కాదు గనుక ఇచటనే సమాధానము వ్రాయుచున్నాము.

ఎయిర్ కండిషనరు ధనికుల విలాసమనుకొను దినములు మార్కాపురము సీమలో గతించినవి. సముద్రపుగాలి అందనంత దూరము, చుట్టును రాతినేల, వానలు తక్కువ. 2015 మే నెలలో వడగాడ్పులు వీచినపుడు ఆంధ్రప్రదేశములో వేయిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో ప్రకాశము ఒకటి. పగలెల్ల ఎండ త్రాగిన కప్పు రాత్రియెల్ల ఆ వేడిని గదిలోనికి విడుచుచుండును. వయసుమీరినవారి దేహమును, పసివారి దేహమును దాని నోర్వలేవు. అట్టి యింట ఒక్క గదియైనను చల్లగా నుండుట అవసరమని మా నిశ్చయము. అయితే ముప్పది నలువది వేల రూపాయలు పోసి తెచ్చిన యంత్రము రెండవ వేసవికే మూలపడుట మేము పెక్కుచోట్ల చూచితిమి. అందు యంత్రముయొక్క దోషముకంటె బిగింపులోని దోషమే హెచ్చు.

మొదట ఈ యంత్రము చేయు పనియేమో తెలిసికొందము. ఇది చల్లదనమును పుట్టించునది కాదు. బావిలోని నీటిని చేదతో తోడి గట్టున పోసినట్లు, గదిలోని వేడిని తోడి వెలుపల పారబోయును. చేదవలె పనిచేయునది రాగిగొట్టములలో తిరుగు గ్యాసు; చేదను లాగు చేయి వెలుపలిపెట్టెలోని కంప్రెసరు. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ అను ఇంజనీరు ఒక అచ్చుకూటములో కాగితము చెమ్మగిల్లకుండుటకై ఇట్టి యేర్పాటును కల్పించెను. మంచుదేశములలో నున్న మన బంధువుల యిండ్లలో ఇదే యంత్రము త్రిప్పివేయబడి, వెలుపలి చలిగాలిలో మిగిలియున్న కొద్దిపాటి వేడిని తోడి యింటిలోనికి తెచ్చును. వారు దానిని హీట్ పంపు అందురు. మనము లోపలినుండి వెలుపలికి తోడుదుము, వారు వెలుపలినుండి లోపలికి తోడుదురు. వేడిని పుట్టించుటకంటె తోడుట చవుక. ఒక యూనిట్టు విద్యుత్తుతో మూడు నాలుగు యూనిట్ల వేడిని జరుపవచ్చును. అయితే చేదకు చిల్లుపడినను, తోడిన వేడిని పోయుటకు వెలుపల చోటు చాలకున్నను శ్రమయంతయు వ్యర్థము. ఈ రెండు మాటలు జ్ఞాపకముంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

కూలరును మేము నిందింపము. ఏప్రిల్, మే మాసములలో మార్కాపురపుగాలి పొడిగా నుండును గనుక తడిగడ్డి గుండ వచ్చు గాలి చక్కగా చల్లబడును. కోస్తాలోని ఉక్కలో కూలరు ఇంత బాగుగా పనిచేయదు. ఖర్చును స్వల్పమే. కాని అది నీటిని త్రాగి చల్లదనము నిచ్చును. బిందెలు వరుసపెట్టి ట్యాంకరుకై యెదురుచూచు వీధిలో దినమునకు కొన్ని బిందెల నీరు కూలరునకు పోయుమనుట న్యాయమా? పైగా మన బోరునీటిలోని ఉప్పును సున్నమును పేరుకొని గడ్డి ఒక్క ఋతువులోనే రాయి యగును. నీటివసతి గలవారు కూలరుతో తృప్తిపడవచ్చును. లేనివారికి ఎయిర్ కండిషనరే గతి. ఎవరైనను ముందుగా చేయవలసినది కప్పుపై తెల్లసున్నమో, అందులకై చేసిన తెల్లరంగో పూయుట. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని పైకప్పులకై ప్రత్యేక విధానమునే ప్రకటించినది. పడమటి కిటికీకి వెలుపలనే తడికయో చాపయో కట్టవలెను. లోపల తెర కట్టుటకంటె అది మేలు, ఎండ గాజును దాటకమునుపే ఆగును గదా.

ఇక యంత్రపు పరిమాణము. శక్తిని టన్నులలో చెప్పుదురు. ఒక టన్ను మంచుగడ్డ ఒక దినములో కరుగుటకు పట్టు వేడిని బట్టి వచ్చిన లెక్క యది. యంత్రముయొక్క బరువు కాదు. నూటయిరువది చదరపుటడుగుల గదికి ఒక టన్ను, నూటయేబది మొదలు నూటయెనుబది వరకు ఒకటిన్నర అని వాడుక. అయితే యంత్రమును పరీక్షించునపుడు వెలుపల 35 డిగ్రీలు మాత్రమే యుండునట్లు చూతురు. మన మే నెలలో 42, 43 డిగ్రీలు వింతకాదు. అప్పుడు యంత్రముయొక్క సత్తువ తగ్గును. కావున మేడమీది గదికి, పడమటి గదికి ఒకమెట్టు హెచ్చు తీసికొనుట మంచిది. 43 డిగ్రీలలో ఎంత చల్లదన మిచ్చునో కంపెనీవారి పుస్తకములో చూపుమని దుకాణమువారిని అడుగుడు. అట్లని చిన్నగదికి రెండు టన్నులు తేరాదు. అది క్షణములో గాలిని చల్లార్చి ఆగిపోవును, మరల లేచును. గోడల వేడి తీరదు, వానకాలపు చెమ్మయు పోదు.

నక్షత్రముల చీటీని గూర్చి కొంచెము. 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారు 2006 మొదలు ఈ చీటీలను ప్రవేశపెట్టిరి. నక్షత్రముల కొలమానమును అప్పుడప్పుడు హెచ్చించుచుందురు గనుక పాతసరుకులోని అయిదు నక్షత్రములు క్రొత్తసరుకులోని అయిదింటికి సమానము కావు. చీటీమీది సంవత్సరమును చూడవలెను. నక్షత్రములకంటె దానిపైనున్న యూనిట్ల సంఖ్య ముఖ్యము. అది ఏడాదికి 1600 గంటలు నడిపినచో అగు ఖర్చు. ఒకదానిపై వేయి, మఱియొకదానిపై ఏడువందల యేబది అని యున్నదనుకొందము. రాత్రి యెనిమిది గంటల చొప్పున నాలుగు నెలలు నడుపు నింట 960 గంటలగును. భేదము నూటయేబది యూనిట్లు. మన బిల్లులో వాడకము పెరిగినకొలది యూనిట్టు ధర పెరుగును గనుక ఈ నూటయేబదియు హెచ్చుధరవే. దీనిని ఆ రెండు యంత్రముల ధరలోని భేదముతో పోల్చి చూచుకొనుడు. రాత్రియు పగలును మంచముననుండు వృద్ధులున్న యింట అయిదు నక్షత్రములు త్వరలోనే గిట్టును; పిల్లలు సెలవులకు వచ్చినపుడు మాత్రము నడుపు నింట మూడు చాలును. లోపలి కాయిలు రాగిదై యుండవలెను. చిల్లుపడినచో అతుకుటకు వీలగును. కంప్రెసరునకు పదియేండ్ల హామీయని పెద్దయక్షరములతో వ్రాయుదురు. కాయిలు, గ్యాసు, సర్క్యూటు పలకల హామీ చిన్నయక్షరములలో నుండును. చిన్నయక్షరములే చదువవలెను.

ఇప్పుడు అసలు సంగతి. బిగించుటకు మనిషి వచ్చు వేళకు మగవారు ఉద్యోగమునకో, పలకల కార్ఖానాకో, పొలమునకో పోయియుందురు. ఇంటనుండునది మనము. తలుపు తీసి మంచినీళ్లిచ్చి ప్రక్కగదిలోనికి పోవుట మర్యాదయని మన యలవాటు. ఈ ఒక్కపని జరుగునపుడు ఆ మర్యాదను ప్రక్కకు పెట్టి దగ్గరనుండి చూడవలెనని మా మనవి.

రాగిగొట్టములు బిగించిన పిమ్మట వానిలోని గాలిని, చెమ్మను పూర్తిగా లాగివేయవలెను. అందులకు వాక్యూమ్ పంపు అను చిన్నయంత్రము కలదు. పదునైదు ఇరువది నిమిషములు దానిని నడిపి, ఆపి, ముల్లు కదలకున్నదని చూచి, ఆ మీదట గ్యాసును విడువవలెను. తొందరపడువారు పంపు తేక, లోపలి గ్యాసునే కొంచెము విడిచి దానితో గాలిని త్రోసివేయుదురు. ఆ దినమున గది చల్లబడును; ఎవరికిని అనుమానము రాదు. లోపల మిగిలిన చెమ్మ మెల్లమెల్లగా కంప్రెసరును తినివేయును. కనుక “తమ్ముడూ, వాక్యూమ్ పంపు తెచ్చినావా?” అని గుమ్మముకడనే అడుగుడు. తేలేదన్నచో రేపు తెచ్చి బిగింపుమని చెప్పుటకు మొగమాటపడరాదు. ఈ ప్రశ్న విని నవ్వు మెకానిక్కునకంటె, పంపును చూపి ముల్లును చదివి చెప్పు మెకానిక్కు నమ్మదగినవాడు. అతుకులవద్ద సబ్బునురుగు పూసి బుడగలు రాకుండుటయు చూపించుమనుడు. సబ్బు మన యింటిదే యియ్యవచ్చును.

గోడకు వేయు రంధ్రము వెలుపలివైపు కొంచెము పల్లముగా నుండవలెను; లేనిచో నీరు మంచముమీద కారును. వెలుపలిపెట్టె తోడిన వేడిని పారబోయు చోటు గనుక దానిని మూతగల వరండాలోనో, గోడసందునో ఇరికింపరాదు. నీడ మంచిది, మూత చెడ్డది. రాతిపొడి యెగురు వీధులలో ఆ పెట్టె రేకులు దుమ్ముతో పూడిపోవును. నెలకొకమారు కరెంటు ఆపి మెల్లని నీటిధారతో కడిగింపవలెను. లోపలి జల్లెడను మాత్రము పదునైదు దినములకొకమారు మనమే కడిగికొనవచ్చును.

విద్యుత్తు విషయములో లోభము పనికిరాదు. మీటరుపెట్టెనుండి ప్రత్యేకమైన తీగ రావలెను. రెండున్నర చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగితీగ, దూరమెక్కువైనచో నాలుగు. దానికి వేరుగా ఎం.సి.బి. ఉండవలెను. ఫ్రిజ్జి, మిక్సీల ప్లగ్గులో దీనిని గ్రుచ్చుట ఇల్లు తగులబెట్టుకొనుటయే. మనసీమలో మఱియొక చిక్కు కలదు. రాతినేల వేసవిలో ఎండి ఎర్తుగుంట పొడిబారును. అప్పుడు ఎర్తు పేరునకే యుండును. ఆ గుంటలో వారమునకొక బిందె నీరు పోయవలెను. యంత్రమునుండి కారు నీరే దీనికి వినియోగించినచో మఱియును మంచిది. ఆ నీరు మొక్కలకును గచ్చు తుడుచుటకును పనికివచ్చును, త్రాగుటకు పనికిరాదు. ఓల్టేజి తగ్గు ఊళ్లలో స్టెబిలైజరు కావలెను. ఇంటి మంజూరైన లోడు చాలకున్నచో విద్యుత్ శాఖ కార్యాలయములో ముందే దరఖాస్తు పెట్టుకొనవలెను.

గ్యాసును గూర్చి ఒక మోసము విస్తారముగా నడచుచున్నది. ప్రతి వేసవియందును ఒకరు వచ్చి “అమ్మా, గ్యాసు అయిపోయినది, నింపవలెను” అని రెండు మూడు వేలు పుచ్చుకొని పోవుదురు. పొయ్యి గ్యాసువలె ఇది అయిపోవునది కాదు. మూసిన గొట్టములలో తిరుగుచుండు గ్యాసు యంత్రమున్నన్నాళ్లు ఉండవలెను. తగ్గినదన్న మాట నిజమైనచో ఎక్కడనో చిల్లున్నది. చేదకు చిల్లు పూడ్వక నీరు తోడుమన్నట్లు, చిల్లు వెదకక గ్యాసు నింపువాడు మరుసటి యేడు మరల రాదలచినవాడే. “ఎక్కడ కారుచున్నదో చూపి అతికి ఆపైని నింపుము” అని చెప్పుడు. ఇప్పటి యంత్రములలో ఆర్-32 అనునది హెచ్చుగా నుండును, కొన్నిటిలో ప్రొపేను. ఇవి పూర్వపు ఆర్-22 వలె ఓజోను పొరను చెరుపవు గాని మండు స్వభావము గలవి. ఆర్-32 కొంచెముగా, ప్రొపేను విశేషముగా. కనుక గ్యాసు లోపలనుండగా అతుకునకు నిప్పు పెట్టుట కూడదు. ఏ గ్యాసో యంత్రముపైనే వ్రాసియుండును. అదికాక వేరొకటి నింపనీయరాదు.

నీళ్లు కాచు హీట్ పంపును గూర్చి కొందరు అడిగినారు. చిన్న కుటుంబమునకు అది ఖరీదు. వసతిగృహములకు, ఉమ్మడి కుటుంబములకు గిట్టవచ్చును. మన బోరునీరు మెత్తబరచు నేర్పాటు లేక దానిని పెట్టినచో లోపల సున్నము కట్టి సత్తువ పోవును.

నడుపుటలో చెప్పవలసినది కొంచెమే. 2020 మొదలు క్రొత్త యంత్రములు 24 డిగ్రీల వద్ద మొదలగునట్లు ప్రభుత్వము నియమించినది. పైన పంకా మెల్లగా త్రిప్పుకొన్నచో 26 కూడ హాయిగానే యుండును. ఒక్కొక్క డిగ్రీ పెంచినచో ఇంచుమించు నూటికి ఆరువంతుల విద్యుత్తు మిగులునని బ్యూరోవారి లెక్క. పసిబిడ్డ మీదికి గాలి సూటిగా కొట్టనీయరాదు.

కొనుటకు కాలము శివరాత్రి వెళ్లిన వెంటనే. మే నెలలో ఒక్కొక్క మెకానిక్కు దినమునకు అయిదారిండ్లు తిరుగును. వానికి పంపు తెచ్చుటకు ఓపిక యుండదు, ఓపిక యున్నను తీరిక యుండదు. దుకాణములో డబ్బు చెల్లింపకమునుపే బిగింపునకు వచ్చువారు కంపెనీవారి మనుష్యులా, దుకాణముతో ఒప్పందము గలవారా, మూడు మీటర్లకు మించిన రాగిగొట్టమునకు మీటరునకు ఎంత, స్టాండు వెల యెంత, ఏడాదిలోపల గ్యాసు కారినచో బాధ్యత యెవరిది అను నాలుగును బిల్లు వెనుక వ్రాయించి సంతకము పుచ్చుకొనుడు. ఊరిలో నివసించుచు, గత వేసవిలో తాను బిగించిన రెండిండ్లను చూపగలవారిని ఎన్నుకొనుడు. ఆ యిండ్లకు పోయి ఇల్లాలితో మాటాడివచ్చుట అరగంట పని.