కప్పట్రాళ్ల అడవి: నోటిమాట చాలదు

దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో యురేనియం ఉన్నదీ లేనిదీ చూడటానికి 68 చోట్ల బోర్లు వేయాలని కేంద్ర అణు ఖనిజాల విభాగం తలపెట్టిన సంగతి తెలిసి 2024 నవంబరులో చుట్టుపక్కల పల్లెలు రోడ్డెక్కాయి. ఒకప్పుడు కక్షలకు పేరుపడ్డ ఊరిది. అలాంటి చోట ఆ వర్గం, ఈ వర్గం అనకుండా జనం ఒక్కటై నిలబడటం చిన్న విషయం కాదు. ముఖ్యమంత్రి పని ఆపమన్నారు. బోర్లు వేయరని కలెక్టరు ప్రకటించారు. జనం శాంతించారు.

ఉత్త బోర్లకే ఇంత గొడవ ఎందుకని పట్నాల్లో కొందరు అంటున్నారు. బోరు వేస్తే గని తవ్వినట్టు కాదు, నిజమే. కాని ఎద్దు పళ్లు పట్టి చూసేవాడు బేరానికి వచ్చినవాడే గదా! అనుమతి అడిగిన అడవి సుమారు 1,150 ఎకరాలు. గొర్రెలూ మేకలూ మేసేది, వాన నీరు ఇంకి కింది బావులకు ఊరేది ఇలాంటి గుట్టల్లోనే. వానలు మొగం చాటేసిన ఏడు ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు సుగ్గికి పోయే రైతుకు ఆ బావి నీటి విలువ వేరే చెప్పనక్కరలేదు.

కడప జిల్లా తుమ్మలపల్లె సంగతి చూడండి. అక్కడ 2006లో బహిరంగ విచారణ జరిగింది. 2012 నాటికి కర్మాగారం నడక మొదలైంది. ఆ రాతిలో యురేనియం చాలా తక్కువ, టన్నుకు అర కిలో కూడా ఉండదు. తక్కిన రాయంతా పిండి చేసి, సోడా కలిపిన నీళ్లతో కడిగి, బురదగా కొట్టాల దగ్గర చెరువులోకి వదులుతారు. యురేనియం తీసేసినా ఆ బురదలో రేడియం మిగులుతుంది. దాని బలం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు ఎండిపోయాయని అక్కడి రైతులు మొరపెట్టుకున్నారు. చెరువు అడుగున నీరు ఇంకకుండా వేయవలసిన పొర సరిగా వేయలేదని 2019లో కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. కర్మాగారం మొదలైన ఏడేళ్లకు!

దేశానికి కరెంటు కావాలి, కాదనేవారెవరూ లేరు. తమ బావి పక్కన ఏం జరగబోతుందో ముందుగా చెప్పమని అడగటం దేశద్రోహం కాదు. అలా అడిగే అవకాశానికే ఇప్పుడు ముప్పు వచ్చింది. అణు ఖనిజాల గనులకు బహిరంగ విచారణ అక్కరలేదని 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు చేసింది. తుమ్మలపల్లె వారికి ఆనాడు మైకు ముందు నిలబడి నాలుగు మాటలైనా చెప్పుకునే వీలుండేది. ఈ ఉత్తర్వు ప్రకారమైతే రేపు కప్పట్రాళ్ల వారికి అదీ ఉండదు.

అందుకే పత్రికల్లో వచ్చిన ప్రకటనతో ఊరుకోరాదు. కలెక్టర్లకు బదిలీలుంటాయి, ప్రభుత్వాలు మారుతుంటాయి. నల్లమలలో యురేనియం అన్వేషణ వద్దని తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇక్కడి శాసనసభ్యులు అటువంటి తీర్మానానికి ఎందుకు పూనుకోరాదు? ఈలోగా బోర్లు నిలిపివేసిన ఉత్తర్వు నకలును ఆ అడవి చుట్టూ ఉన్న ప్రతి పంచాయతీ కార్యాలయంలోనూ జనం చదువుకునేలా గోడకు అంటించాలి. సర్పంచులు గ్రామసభ తీర్మానాలను రిజిస్టరులో ఎక్కించి, ఒక ప్రతి కలెక్టరేటుకు పంపి, అందినట్లు రసీదు తీసుకోవాలి.